ఆర్మేనియా స్త్రీ కుడి బుగ్గ

టర్కీ సుల్తాను పెద్ద భార్యను నేనే. తాతారు గుర్రాల కాపరి పెళ్ళాన్నీ నేనే. సముద్రాలకవతల కొత్తగా కనిపెట్టారంటున్న దేశంలో ఈకలు కట్టుకుని తిరిగే ఆడమనిషినీ నేనే, కాకపోతే ఆ ఈకలు మా ఇంట్లో బూజు దులిపే కుంచెవి. నమ్మకపోతే మా అంజొలో గారి అచ్చుకొట్టు కిటికీలో తాళ్ళకు వేలాడుతున్న బొమ్మలు చూడండి. అన్ని దేశాల ఆడవాళ్ళకూ ఒకటే ముక్కు, నడిమధ్యన కాస్త వంకర తిరిగి. ఆ ముక్కు నాది.

నా పేరు మెనెగా. వెనిస్‌లో శాన్ జులియాన్ పేటలో పుట్టాను, అక్కడే పెరిగాను, అక్కడే బోర్తొలో అనే అచ్చుచెక్కలు చెక్కేవాణ్ణి కట్టుకున్నాను. నేను వెళ్ళిన అతి దూరపు ఊరు మా పిన్ని ఉండే మురానో. అయినా నా ముఖం దేశాలన్నీ ఏలింది. దానికి కారణం మా అంజొలో గారికి పుట్టిన ఒక దురద. "భూమ్మీద ఎన్ని జాతులున్నాయో అన్ని జాతుల వేషాలూ ఒక్క పుస్తకంలో పెట్టేస్తానోయ్! జనం ఇంట్లో కూర్చునే లోకం చుట్టి రావాలి" అన్నాడాయన. ఆ మాట ఆయన కూడా ఇంట్లో కూర్చునే అన్నాడు.

బొమ్మలు గీసే లునార్దో అంతకంటే ఘనుడు. పడవలో పాదువా వెళ్ళొస్తేనే మంచం పట్టే మనిషి. రేవులో ఎవడైనా నావికుడు దొరికితే వాడికి ద్రాక్షసారా పోయించి, "పర్షియాలో ఆడాళ్ళు ఏం కట్టుకుంటారు బాబూ?" అని అడిగి, వాడు చెప్పింది విని వచ్చేవాడు. సారా మంచిదైతే పర్షియా బట్టలు బాగుండేవి. తరవాత నన్ను పిలిచి, ఒంటికి కిటికీ తెర చుట్టి, నెత్తి మీద జల్లెడ బోర్లించి, "కదలకు మెనెగా, నువ్విప్పుడు పర్షియా" అనేవాడు. నేను పర్షియానై నిలబడితే ఇంట్లో పొయ్యి మీద చేపలు మాడిపోయేవి.

లునార్దో అయినా ముఖాన్ని కాస్త అటూ ఇటూ మార్చి గీసేవాడు. బేరిపండు చెట్టు చెక్క మీద అతను గీసిన గీతల్ని మాత్రం వదిలి, మిగతా చెక్కనంతా తొలిచేసే పని మా ఆయనది. ముఖం దగ్గరికొచ్చేసరికి ఆయన ఉలి తనంతట తాను నా ముక్కు దారి పట్టేది.

"ఏవయ్యా, తాతారు పిల్లకి చప్పిడి ముక్కు గీశాడు కదా, నాదెందుకు తగిలించావు?" అని అడిగాను ఒకసారి.

"ఆడమనిషి ముఖమంటే నాకు అదేనే. చెయ్యి వేరే దానికి తిరగదు" అన్నాడు.

ఆ పూట ఆయన పళ్ళెంలో ఒక చేప ఎక్కువ వేశాను. అంతకుమించి మెచ్చుకుంటే మగాళ్ళు నెత్తికెక్కుతారు.

ఇక బుగ్గ సంగతి. పోయిన చలికాలం నాకు ఎడమవైపు దవడపన్ను నొప్పి లేచింది. బుగ్గ పులిసిన పిండిలా పొంగిపోయింది. లవంగం నొక్కిపెట్టాను, పంటినొప్పులు తీర్చే సెయింట్ అపొలోనియాకు కొవ్వొత్తి మొక్కుకున్నాను, గడ్డం కిందనుంచి మూతి మీదుగా గుడ్డ బిగించి కట్టుకుని మూలుగుతూ పడి ఉన్నాను. సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు లునార్దో.

"ఆర్మేనియా ఆడాళ్ళు మూతికి గుడ్డ కడతారట మెనెగా! అరె, నువ్వు కట్టుకునే ఉన్నావే! దేవుడే పంపాడు!"

"దేవుడు పంపింది పన్నునొప్పిరా మొద్దు వెధవా! పో అవతలికి!"

పోలేదు. కూర్చుని గీశాడు. మా ఆయన ఉన్నదున్నట్టు వాపుతో సహా చెక్కాడు. "ఆ వాపు తీసెయ్యకూడదటయ్యా?" అంటే, "ఆ రోజు నీ ముఖం అట్లాగే ఉంది కదే" అన్నాడు. మనిషి మంచివాడే గానీ, ఒక్కోసారి ఆ మంచితనానికి ఒళ్ళు మండుతుంది.

చెక్క మీద ఎడమ ఉన్నది కాగితం మీదికి కుడి అయి దిగుతుంది. అలా నా ఎడమ దవడ వాపు ఆర్మేనియా దేశపు కుడి బుగ్గయి కిటికీ ఎక్కింది. అంజొలో గారు బొమ్మ చూశాడు. ఈ బుగ్గ ఏమిటని ఎవరినైనా అడగొచ్చు కదా? అడిగితే తనకు తెలియదనుకుంటారని భయం. అందుకని బొమ్మ కింద స్వయంగా వ్రాసి పడేశాడు: "ఈ దేశపు స్త్రీలు బాల్యము నుండియు కుడి బుగ్గలో అక్రోటు కాయ నుంచుకొని దానిని పెంచుదురు. బుగ్గ యెంత పెద్దదైన నంత అందగత్తె యని వారి తలంపు."

అది చదివించుకుని నేను పొట్ట పట్టుకుని నవ్వాను. పుస్తకం ఇంకా తయారు కాలేదు గానీ, ఆ విడి బొమ్మ మాత్రం కార్నివాల్ నాటి తీపి బూరెల్లా అమ్ముడుపోయింది. పాదువాలో ఒకడు దాన్ని చూసి తానూ అచ్చేశాడు. బొలోన్యాలో ఇంకొకడు పాదువావాణ్ణి చూసి అచ్చేశాడు. ఆ మహానుభావుడు బుగ్గను మరికాస్త పెంచాడు కూడా.

ఈస్టర్ పండుగ దాటాక గోహర్ వచ్చింది. అప్పటితో నా నవ్వు ఆగిపోయింది.

మా పేటలో ఆర్మేనియా వర్తకుల సత్రం ఉంది. అక్కడ పట్టు వ్యాపారం చేసే ఖచాతుర్‌ను ఎరగనివాళ్ళు లేరు. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళయిన కొత్తలోనే భార్యను అలెప్పోలో అత్తింట వదిలి వచ్చి, ఏళ్ళ తరబడి ఒంటి బతుకు బతికాడు. ఆమెను ఇప్పటికి తెచ్చుకున్నాడని విని అందరం సంతోషించాం. మర్నాడు పొద్దున్న పేట బావికి తాళం తీశారని గంట కొట్టగానే ఆమె రాగి బిందె పట్టుకుని కూడలిలోకి వచ్చింది. పెద్ద పెద్ద నల్లటి కళ్ళు. ముక్కు కిందనుంచి మూతిని కప్పుతూ సన్నటి తెల్లగుడ్డ. వాళ్ళలో పెళ్ళయిన పడుచులు అలా కట్టుకుంటారు, పరాయి మగాళ్ళతో మాట్లాడరు. బావి దగ్గర ఉన్న ఆడవాళ్ళందరి చూపులూ ఒక్కసారిగా ఆమె కుడి బుగ్గ మీదికి పోయాయి.

"అదేంటే, అక్కడ ఏమీ లేదు?"

"గుడ్డ కింద దాచుకుందేమో."

"ఓడ కుదుపుకి మింగేసిందేమోనే పాపం!"

పిల్ల వెధవలు బుగ్గలు ఊదుకుని ఆమె చుట్టూ గంతులు వేశారు. చేపలమ్మే పాస్క్వా మనసు మంచిదే, అదే వచ్చిన చిక్కు. జాలిపడి, ఎక్కడినుంచి తెచ్చిందో ఒక అక్రోటు కాయ తెచ్చి గోహర్ చేతిలో పెట్టి, "పెట్టుకో తల్లీ, మొహమాటపడకు" అని బుగ్గ చూపించింది. గోహర్ ఆ కాయ వైపు చూసింది, పిల్లల వైపు చూసింది, తలెత్తేసరికి ఎదురుగా అంజొలో గారి కిటికీ. బొమ్మ కనబడింది. బిందె అక్కడే వదిలేసి గిర్రున వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

తరవాత ఆమె గడప దాటలేదు. నాకు అన్నం సహించలేదు. చివరికి ఆ బిందె కడిగి, నీళ్ళు నింపుకుని, సత్రానికి బయలుదేరాను. ఖచాతుర్ తలుపు తీశాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"ఎవరినీ చూడనంటోందమ్మా. ఈస్టర్ వెళ్ళిన నలభయ్యో నాడు సెన్సా పండగ కదా, ఆ సాయంత్రం అలెప్పో దారి ఓడ కదులుతుంది. అందులో చోటు మాట్లాడేశాను, పంపించేస్తా. ఇన్నాళ్ళూ ఒక్కణ్ణే ఉన్నాగా... ఉంటాలే ఇక ముందు కూడా" అన్నాడు. బిందె అందుకుని తలుపు మూయబోయాడు.

ఆయన్ను పక్కకు తోసి లోపలికి నడిచాను. గోహర్ మూతిగుడ్డ తీసి పక్కన పెట్టి, పెట్టెలో బట్టలు సర్దుతోంది. ఆమె మా భాష మాట్లాడగలదని నాకు తెలియదు. అలెప్పోలో వాళ్ళ ఇంటి పక్కనే వెనిస్ వర్తకుల గోదాము ఉందట. మూటలు మోసే కూలీలు తిట్టుకుంటుంటే వింటూ పెరిగి, మా మాటలన్నీ వాళ్ళ దగ్గరే నేర్చిందట.

"ఏంటే ముసలి గాడిదా, నువ్వూ బుగ్గ చూట్టానికొచ్చావా?" అంది, కోయిల లాంటి గొంతుతో.

"చూట్టానికి కాదమ్మా, చూపించడానికొచ్చా. ఆ బొమ్మలో బుగ్గ నీది కాదు, నాది." నోరు తెరిచి, పన్ను పీకించుకున్న చోటు వేలితో చూపించాను. జరిగిందంతా చెప్పాను.

ఆమె నా నోట్లోకి తొంగి చూసింది. తరవాత పాస్క్వా ఇచ్చిన అక్రోటు కాయ తీసి గురి చూసి కొట్టింది. అది నా నుదుటికి టపీమని తగిలింది.

"నాకు కావాల్సిందే. ఇంకోటుంటే అదీ విసురు" అన్నాను నుదురు రుద్దుకుంటూ.

"ఒకటే ఇచ్చింది ఆ గేదె" అంది. అని, ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేను వెళ్ళి పక్కన కూలబడ్డాను.

"పిల్లలు నవ్వితే నాకేం బాధ లేదక్కా. రెండు తగిలిస్తే సరిపోతుంది. కానీ పుస్తకమైతే ఊరూరా పోద్దిగా. నేను చచ్చాక కూడా అది ఉంటది. మా అమ్మ, మా చెల్లెళ్ళు, మేమందరం ఆ బుగ్గేసుకునే ఉంటాం అందులో. కాదని చెప్పడానికి ఎవరుంటారు అప్పుడు?"

నేను టర్కీనై, పర్షియానై నిలబడిన రోజుల్లో ఈ ఆలోచన ఒక్కనాడూ రాలేదు. నా ముక్కు తగిలించుకున్న ఆ ఆడవాళ్ళందరూ ఎక్కడో నిజంగా ఉన్నారనీ, బావికి వెళ్తారనీ నాకు తట్టనే లేదు.

"పుస్తకం సెన్సా సంతకి గానీ రాదు. ఆర్మేనియా పేజీ ఇంకా అచ్చు కాలేదు. ఆ బుగ్గ తీయిస్తా. తీయిస్తే ఉండిపోతావా?" అన్నాను.

"తీయించి చూపించు. అప్పుడు చెప్తా" అంది.

సరాసరి అచ్చుకొట్టుకు పోయాను. అంజొలో గారు అచ్చయిన తడి కాగితాలు దండెం మీద ఆరేయిస్తున్నాడు.

"అయ్యగారూ, ఆ ఆర్మేనియా బుగ్గ నా పన్నునొప్పండి. తీయించెయ్యండి."

"ఏ పన్ను?"

"ఇదిగో, ఇక్కడుండేది. ఇప్పుడు లేదు."

ఆయన గడ్డం దువ్వుకున్నాడు. "చూడు మెనెగా. పాదువాలో అదే బుగ్గ. బొలోన్యాలో అదే బుగ్గ. నాదీ అదే బుగ్గ. మూడు ఊళ్ళవాళ్ళు చెప్పింది అబద్ధం, నీ పన్ను ఒక్కటీ నిజమా?"

"వాళ్ళు మిమ్మల్ని చూసే కదండీ అచ్చేసుకుంది!"

"నన్ను చూసి వేసుకున్నారంటే నాదే ఒప్పనేగా!"

"పోనీ, ఎదురుగా సత్రంలో నిజం ఆర్మేనియా మనిషే ఉంది. వెళ్ళి చూడండి."

"ఆ రోజు కిటికీలోంచి చూశాలే. బుగ్గ లేదు. అంటే ఏంటన్నమాట? ఆవిడ సరైన ఆర్మేనియా వంశం కాదన్నమాట."

ఇలాంటి మనిషితో వాదించేకంటే బావిలో తల పెట్టి అరవడం నయం. ఇంటికి వచ్చి మా ఆయన మీద పడ్డాను. "నువ్వే చెక్కావు, నువ్వే పీకెయ్యి!" అన్నాను.

"ఒక్క పూట పనే. తలకాయ మేరకు తొలిచేసి కొత్త బేరి ముక్క బిగించి, దాని మీద మళ్ళీ చెక్కితే మాటు వేసినట్టే కనపడదు" అన్నాడు బోర్తొలో. "కానీ చెక్క అయ్యగారిది. ఆయన మాట లేకుండా దాని మీద ఉలి పెడితే ఈ పేటలో ఇంకెవడు నాకు చెక్క ఇస్తాడే?" అదీ నిజమే.

మర్నాడు కొత్త బఠాణీలు వేసి వండిన అన్నం గిన్నెలో పెట్టుకుని గోహర్ దగ్గరికి వెళ్ళాను, ఓడిపోయానని చెప్పడానికి. ఆమె అన్నం తింటూ అంతా వింది. 'సరైన వంశం కాదు' అన్న దగ్గర ఆమె నోటివెంట వచ్చిన మాట నేను ఇక్కడ చెప్పలేను. తరవాత పెట్టె అడుగునుంచి ఒక రంగుల బొమ్మ తీసి నా ఒళ్ళో పడేసింది.

"మా మేనమామ అలెప్పో బజార్లో బొమ్మలేస్తాడు. దూరదేశాల బొమ్మలంటే మావాళ్ళు ఎగబడి కొంటారు. ఇది చూడు, ఎవరో చెప్పు."

చూశాను. పసుపుపచ్చ జుట్టు ఆడమనిషి. నుదుటి మీదనుంచి మేకపోతుకు మొలిచినట్టు రెండు కొమ్ములు. మోకాళ్ళ కిందనుంచి కాళ్ళకు బదులు బల్లకుండేటటువంటి కొయ్య కాళ్ళు. పక్కన మొగుడు. పెళ్ళానికుండి మొగుడికి లేకపోతే బాగుండదనుకున్నాడేమో, ఆయనకూ టోపీ లోంచి రెండు చిన్న కొమ్ములు.

"ఏం జంతువే ఇది?"

"వెనిస్ ఆడది."

"ఓరి దేవుడో! మేము మేకలమా?"

"మరి నేను అక్రోటునా?" అంది గోహర్. "నీకు తెలీదక్కా, ఓడ దిగేటప్పుడు ఎంత భయపడ్డానో. రేవులో ఆడోళ్ళ నెత్తులే చూసుకుంటా నడిచా. వంగితే పొడుస్తారేమోనని."

నాకు అర్థమైంది. మా గొప్పింటి ఆడవాళ్ళు ముందు జుట్టును రెండు కొమ్ముల్లా మెలితిప్పి నిలబెట్టుకుంటారు. పావడా కింద మూరెడెత్తు కొయ్య పాదుకలు తొడిగి, ఇద్దరు దాసీల భుజాలు పట్టుకుని నడుస్తారు. ఆ మాట ఏ నావికుడో చెప్పి ఉంటాడు, మేనమామ వాడికి ఏదో పోయించి ఉంటాడు. ప్రతి రేవులోనూ ఒక లునార్దో ఉంటాడన్నమాట! ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఖచాతుర్ కంగారుపడి తలుపు తోసుకుని వచ్చాడు. అతనికి బొమ్మ చూపించి మళ్ళీ నవ్వాం. నవ్వు ఆగాక నాకు ఉపాయం తట్టింది.

"గోహర్, లే. మూతిగుడ్డ కట్టు. అచ్చుకొట్టుకి పోదాం."

మేము వెళ్ళేసరికి అంజొలో గారి భార్య కస్సాండ్రా అమ్మగారు కూడా అక్కడే ఉంది. డాబా మీద ఎండలో కూర్చుని కూర్చుని పసుపెక్కించిన జుట్టు, దాన్ని జానెడెత్తున రెండు కొమ్ములుగా దిద్దుకుని ఉంది. దేవుడు మా పక్షానే ఉన్నాడనుకున్నాను. బొమ్మ తీసి బల్ల మీద పరిచాను.

"ఏ దేశపు మృగాలివి?" అన్నాడు అంజొలో గారు ఆశగా. పుస్తకంలో ఇంకో పేజీకి పనికొస్తుందనుకున్నాడు.

"వెనిస్ అండి. ఇలాగే ఉంటామని అలెప్పోలో ఇంటింటా గోడకి వేలాడదీసుకున్నారట."

కస్సాండ్రా అమ్మగారి రెండు చేతులూ నెత్తి మీదికి పోయాయి. అంజొలో గారి వేలు మాత్రం బొమ్మలో మొగుడి కొమ్ముల దగ్గర ఆగిపోయింది. మా ఊళ్ళో మగాడి తల వెనక రెండు వేళ్ళు ఆడించి చూడండి, ఏమవుతుందో. పెళ్ళాం చేతిలో మోసపోయిన మొగుడికి వేసే గుర్తు అది, కత్తులు బయటికొస్తాయి.

"ఇది... ఇది చాలా ఊళ్ళకి పోయిందా?" అన్నాడు నీరసంగా.

గోహర్ పరాయి మగవాళ్ళ ఎదుట మాట్లాడదు కాబట్టి నా చెవిలో చెప్పింది. విన్నాక నా చెవి ఎర్రబడింది. ఆ మాటను రెండు నీళ్ళు పోసి కడిగి, అయ్యగారికి అందించాను. "ఆవిడేమంటోందంటే, తబ్రీజులో అదే బొమ్మ, బస్రాలో అదే బొమ్మ, అలెప్పోలో అదే బొమ్మ. మూడు ఊళ్ళవాళ్ళు చెప్పింది అబద్ధం, మీ ఒక్కరి నెత్తీ నిజమా అంటోందండి."

"కొమ్ములు లేవని కనిపించట్లేదా ఆవిడకి!"

గోహర్ మళ్ళీ గుసగుసలాడింది. "కనిపిస్తోందట. అంటే మీరు సరైన వెనిస్ వంశం కాదేమో అంటోందండి." ఆమె నిజంగా అన్నది ఇంతకంటే చాలా పొట్టి మాట. అందులో గాడిద కూడా ఉంది.

అంజొలో గారి ముఖం కందగడ్డ అయింది. కానీ ఆయన నోరు తెరిచేలోపల కస్సాండ్రా అమ్మగారు బల్ల మీద దబీమని చరిచింది. "మా తమ్ముడు అలెప్పోలోనే ఉన్నాడండీ! వాడి టోపీ తీయించి కొమ్ములు వెతుకుతారు! ఆపించండి ముందు! ఎవడా గీసినవాడు?"

"గీసినాయన ఈవిడ మేనమామేనండి. ఈవిడ కబురంపితే కాదనడు. మీరు బుగ్గ తీస్తే, ఈవిడ కొమ్ములు తీయిస్తుంది" అన్నాను.

అంజొలో గారిని ఎన్నైనా అనండి, బేరమంటే మాత్రం ఇట్టే అర్థమవుతుంది. "ముందు కొమ్ములు" అన్నాడు.

గుసగుస. "ముందు బుగ్గంటోందండి."

"రెండూ ఒకేసారి."

గుసగుస. "అలెప్పో ఓడ ఎగిరిపోదు, మేనమామకి కబురందేసరికి నెలలు పడుతుందంటోంది. ముందు బుగ్గేనట."

"ముందు బుగ్గేనండీ!" అని అరిచింది కస్సాండ్రా అమ్మగారు. ఇంట్లో ఆఖరి మాట ఎవరిదో అప్పుడు అందరికీ తెలిసింది.

అంజొలో గారు నిట్టూర్చాడు. "సరే, కానీ. అయితే ఆ అక్రోటు వాక్యం మాత్రం చాలా చక్కగా కుదిరిందోయ్. పారేయబుద్ధి కావట్లేదు. వేరే ఎవరికైనా పెడదాం. జార్జియా వాళ్ళకో, చెర్కెస్ వాళ్ళకో..."

"ఎవరికీ వద్దు!"

అది నేను అనలేదు. గోహరే అంది, గట్టిగా, అందరి ముందూ. అంటూనే తెల్లబోయి, మూతిగుడ్డను చేత్తో అదిమి పట్టుకుంది. మూల కూర్చుని బొమ్మ గీసుకుంటున్న లునార్దో చేతిలోంచి కుంచె జారి పడింది. అంజొలో గారు ఆమె వైపు చాలాసేపు చూశాడు. కిటికీలోంచి కాకుండా ఎదురుగా చూడటం అదే మొదలు.

"అలాగేనమ్మా, ఎవరికీ వద్దులే" అన్నాడు మెల్లగా. అని, తన చేత్తోనే ఆ వాక్యాన్ని కొట్టేశాడు. నిజం చెప్పొద్దూ, ఆ నిమిషంలో ఆయన నాకు కాస్త నచ్చాడు.

మాటు వేసే రోజున గోహర్ అచ్చుకొట్టు కిటికీ పక్కన వచ్చి కూర్చుంది. గుడ్డ ఎలా చుట్టాలో, కొస ఎక్కడ దోపాలో లునార్దోకు నా చేత చెప్పించింది. అతను గీసి ఇచ్చాడు. మా ఆయన పాత తలకాయ తొలిచి, కొత్త ముక్క బిగించి, ఉలి పట్టుకున్నాడు. ఇన్నేళ్ళలో బోర్తొలోకు పని చేస్తూ చెమట పట్టడం నేను చూడలేదు. మొదటి ముక్క పారేశాడు. ముక్కు నాదే వచ్చింది. రెండోది కూడా పారేశాడు. చివరికి విసుక్కున్నాడు.

"ఒసేయ్ మెనెగా, నువ్వు బయటికి పోయి కూర్చో. నువ్వు ఇక్కడుంటే నువ్వే వస్తున్నావు."

బయట మెట్టు మీద కూర్చున్నాను. లోపల మా ఆయన ఇంకో ఆడమనిషి కళ్ళు చూసి చూసి చెక్కుతుంటే కొంచెం కుళ్ళుగా అనిపించింది, ఎందుకు దాచాలి? కానీ కుళ్ళుకంటే భయం ఎక్కువ. గోహర్ పెట్టె సర్దేసి ఉంది. ఓడ రేవులో ఉంది. పేజీ చూశాక కూడా ఆమె వెళ్తానంటే నేనేం చెయ్యగలను?

సెన్సా పండగ వచ్చింది, సంత మొదలైంది. శాన్ మార్కో చౌకంతా గుడారాలు, గాజుసామాన్లు, చిలకలు, తోసుకునే జనం. అలెప్పో ఓడ ఆ సాయంత్రమే. ఖచాతుర్ పొద్దున్నే గోహర్ పెట్టెను ఓడ ఎక్కించి వచ్చానని నాతో చెప్పాడు. చెబుతున్నంతసేపూ నేల చూపులే. ఆమెను తీసుకుని సంతలో మా పుస్తకాల గుడారం దగ్గరికి వచ్చాడు, వెళ్ళేముందు చూపించిపోదామని.

అంజొలో గారు ఆర్మేనియా పేజీ తీసి ఆమె ముందు పెట్టాడు. అది ఆమె. నా ముక్కు లేదు, నా బుగ్గ లేదు. సన్నటి గుడ్డ, దాని పైన పెద్ద పెద్ద కళ్ళు, సూటిగా చూస్తూ. కింద ఒక్క మాటే ఉంది: "అలెప్పోలో కాపురముండు ఆర్మేనియా స్త్రీ." పాస్క్వా నా భుజం మీదనుంచి తొంగి చూసి, "అచ్చం నువ్వే కదే పిల్లా!" అంది. అక్రోటు ఊసెత్తితే కాలవలో తోసేద్దామని సిద్ధంగా ఉన్నాను గానీ, ఎత్తలేదు.

గోహర్ పేజీ మీద వేలు పెట్టి ఆ కళ్ళ చుట్టూ మెల్లగా తడిమింది.

"ఇట్లాంటిది విడిగా ఒకటి ఇప్పించక్కా" అంది చివరికి. ఇప్పించాను. ఆమె దాన్ని జాగ్రత్తగా చుట్టి, తన తల గుడ్డ అంచు చించి కట్టి, మొగుడి చేతికిచ్చింది.

"ఓడలో నాకు చోటు మాట్లాడావుగా" అంది.

"మాట్లాడాను" అన్నాడు ఖచాతుర్.

"ఆ చోట్లో దీన్ని పంపించు. మా అమ్మకి. నేను కనపడట్లేదని ఏడుస్తా ఉంటది. చూసుకుంటది. కొమ్ములు తీసెయ్యమని మామయ్యకి కబురు కూడా దాంతోనే."

ఖచాతుర్‌కు అర్థం కాలేదు. "మరి నువ్వు?"

"నాకిక్కడ బిందె ఉంది" అంది గోహర్. "పొద్దున్నే గంట కొడతారు. నీళ్ళెవరు తెస్తారు, నువ్వా?"

ఆయన బొమ్మ చుట్టను గుండెకు అదుముకుని ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు. "పెట్టె!" అన్నాడు ఉన్నట్టుండి. "పెట్టె ఓడలో ఉంది!" అని, జనాన్ని మోచేతులతో తోసుకుంటూ రేవు వైపు పరుగెత్తాడు. ఆ నెమ్మదస్తుడు పరుగెత్తడం మా పేటలో ఎవరూ ఎన్నడూ చూడలేదు.